కోడికి స్వెట్టర్ ఎందుకు?

నవంబరు చివరికొచ్చిందంటే నా ఫోన్‌కి ఒకే రకం మెసేజ్‌లు మొదలవుతాయి. "అక్కా, కోళ్ళకి ఏ హీటర్ మంచిది?" "అక్కా, రాత్రిపూట గ్యారేజీలోకి తెచ్చేయమంటావా?" అమెరికాలో బర్డ్ ఫ్లూ దెబ్బకి 2025 మార్చిలో డజను గుడ్ల సగటు ధర 6.23 డాలర్లకి ఎక్కింది చూడండి, అప్పట్నుంచి మా మిన్నెసోటాలో మనవాళ్ళు కూడా పెరట్లో కోళ్ళు పెట్టడం మొదలెట్టారు. ఏప్రిల్‌లో దాణా షాపులో చెప్పుల డబ్బా అంత అట్టపెట్టెలో చీకూ చింతా లేకుండా అరిచే ఆరు పిల్లల్ని కొనుక్కొస్తారు. వేసవంతా ఇన్‌స్టాలో ఫోటోలే ఫోటోలు. మొదటి మంచు పడగానే గుండెల్లో రాయి పడుతుంది.

ఈసారి మెసేజ్ పెట్టింది మా పిన్ని కొడుకు. మాకు గంటన్నర దూరంలో ఉంటాడు. మాట కాదు, ఫోటో పంపాడు. కోళ్ళగూడు చుట్టూ దళసరి ప్లాస్టిక్ షీటు. పైకప్పు కింద ఉన్న సందులన్నిట్లో ఫోమ్. కిటికీకి టేపు. లోపల వైరుతో వేలాడదీసిన 250 వాట్ల ఎర్ర బల్బు. కింద, "రేపు రాత్రి మైనస్ 26 అంట అక్కా. ఎలా ఉంది నా ఏర్పాటు?"

ప్రేమగా ఉంది. కానీ చలికంటే ఆ ఏర్పాటే ఆ ఆరు కోళ్ళకీ ఎక్కువ ప్రమాదం. వెంటనే ఫోన్ చేశాను.

వాడికి చెప్పిందే మీకూ చెప్తాను. కోడి ఒంటి వేడి 41 నుంచి 42 డిగ్రీలు. మనకి ఆ జ్వరం వస్తే అంబులెన్స్ పిలుస్తారు, కోడికి అది మామూలే. ఆ వేడిని బయటికి పోనివ్వకుండా ఒంటినిండా ఈకలు, ఈకల కింద నూగు. చలి పెరిగితే కోడి ఈకల్ని పైకి లేపి బంతిలా ఉబ్బుతుంది. ఈకల మధ్య చిక్కుకున్న గాలే దానికి రజాయి. పొద్దున్నే చూస్తే మా పెట్టలు రెట్టింపు సైజులో కనిపిస్తాయి, ఏదో రాత్రికి రాత్రి బిర్యానీ తినేసినట్టు. ఇన్‌స్టాలో కోళ్ళకి ఊలు స్వెట్టర్లు వేసి రీల్స్ చేస్తారు కదా, చూడ్డానికి భలే ఉంటుంది గానీ ఆ స్వెట్టరు చేసే పని ఏంటంటే ఈకల్ని కిందికి నొక్కి ఆ గాలిని బయటికి తోసెయ్యడం. తడిస్తే ఇంకా దారుణం. కోడి వేసుకున్న రజాయి తీసేసి చిరిగిన దుప్పటి కప్పడమే అది.

కాళ్ళ సంగతి ఇంకా తమాషా. ఈకల్లేని కాళ్ళతో మంచు మీద నిలబడితే గడ్డకట్టవా అని మా అబ్బాయి అడిగాడు ఒకసారి. కాలిలోకి దిగే వేడి రక్తనాళం, పైకి వచ్చే చల్లటి రక్తనాళం పక్కపక్కనే ఉంటాయి. దిగే రక్తం తన వేడిని ఎక్కే రక్తానికి ఇచ్చేసి పోతుంది. అందుకే కాళ్ళు చల్లగా ఉన్నా పొట్ట వేడిగానే ఉంటుంది. ఇక రాత్రి కర్ర మీద కూర్చున్నాక పొట్ట ఈకలు కాళ్ళ మీద కప్పుకుంటాయి. అందుకే ఇక్కడ గుండ్రటి సన్న కర్ర కాకుండా మూడున్నర అంగుళాల వెడల్పున్న పలక లాంటి చెక్క వేస్తారు. వేళ్ళు దాని చుట్టూ ముడుచుకోకుండా పరుచుకుని కూర్చుంటే, పైనా కిందా రెండు వైపులా కప్పడిపోతాయి. ఈ చలిదేశంలో కోళ్ళు కొత్తగా వచ్చినవేం కావు. 2019 జనవరి 30న మినియాపొలిస్‌లో మైనస్ 33 డిగ్రీలు పడింది. అలాంటి రోజులు కూడా హీటరు లేని గూళ్ళల్లో దాటిన కోళ్ళు ఈ రాష్ట్రంలో బోలెడన్ని.

మరి కోళ్ళు చలికాలంలో ఎందుకు పాడవుతాయి? చెమ్మ వల్ల.

ఇది నాకు నేర్పింది మా వెనకింటి పెద్దావిడ. ఎనభై దాటాయి, చిన్నప్పుడు పాడి, కోళ్ళు ఉన్న ఇంట్లో పెరిగిన మనిషి. నేను కోళ్ళు పెట్టిన మొదటి డిసెంబరులో ఒక పొద్దున గూడు కిటికీ దగ్గరికి నన్ను తీసుకెళ్ళి అద్దం లోపలివైపు వేలుపెట్టి గీసి చూపించింది. అద్దం మీద మంచు పొర ఉంటే, అదీ లోపలివైపు ఉంటే, గూడు ఊపిరాడక అవస్థ పడుతున్నట్టు లెక్క అని. మా అద్దం అప్పటికి పొడిగానే ఉంది, పై వెంటిలేటర్లు ఆవిడే దగ్గరుండి తీయించింది కాబట్టి. ఇప్పటికీ నేను రోజూ పొద్దున చూసేది థర్మామీటర్ కాదు, ఆ అద్దం.

లెక్క సింపుల్. కోడి రోజంతా నీళ్ళు తాగుతుంది. ఊపిరితో ఆవిరి వదులుతుంది. రాత్రంతా రెట్ట వేస్తుంది, ఆ రెట్టలో ముప్పావు వంతు నీళ్ళే. ఆరు కోళ్ళు పద్నాలుగు గంటలు ఒక మూసిన పెట్టెలో ఉంటే ఆ చెమ్మంతా ఎక్కడికి పోవాలి? పైకి లేచి, చల్లటి కప్పుకి తగిలి, నీళ్ళయి, మళ్ళీ కోళ్ళ మీదే పడుతుంది. ఈకలు తడుస్తాయి. జుట్టు తడుస్తుంది. పొడి గాలిలో మైనస్ 20ని తట్టుకునే కోడి, తడి గాలిలో సున్నా దగ్గరే దెబ్బతింటుంది. రెట్ట తడిగా ఉంటే అమోనియా కూడా తోడవుతుంది. కళ్ళు మండుతాయి, ఊపిరితిత్తులు పాడవుతాయి, గురక మొదలవుతుంది. పరీక్ష ఎలాగంటే, తెల్లారి గూడు తలుపు తీసి నిలబడి వాసన చూడకండి. కిందికి వంగి, కోడి తల ఉండే ఎత్తులో ముక్కు పెట్టండి. మీ కళ్ళలో కొంచెం మంట అనిపించినా, రాత్రంతా అక్కడే కూర్చున్న కోడికి అది ఎంతో ఊహించుకోండి.

"అంటే చలిగాలి లోపలికి రానివ్వాలా? గడ్డకట్టి చావవా?" అన్నాడు మా తమ్ముడు. ఇక్కడే అందరూ తడబడేది. గాలి ఆడటం వేరు, గాలి కొట్టడం వేరు. కర్ర మీద కూర్చున్న కోడి తలకంటే పైన, కప్పుకి దగ్గరగా, రెండు వైపులా సందులు ఉండాలి. వేడి, చెమ్మ పైకి లేచి అక్కణ్ణుంచి పోతాయి. కోడి కూర్చునే ఎత్తులో, దానికి కిందా, నేరుగా గాలి తగిలే కంతలు ఉండకూడదు. అంటే మా తమ్ముడి ప్లాస్టిక్‌లో సగం పనికొచ్చేదే. కింద సగం ఉంచి పైన సగం తీసెయ్యాలి. ఫోమ్ మొత్తం పీకెయ్యాలి. అవతల వాడి మౌనం వింటే అర్థమైంది, ఆ ఫోమ్ కుక్కడానికి శనివారం మొత్తం పట్టిందని.

ఈలోపు కాన్ఫరెన్స్ కాల్‌లోకి మా అమ్మ దూరింది. ఖమ్మం పక్కన పల్లెలో ఉంటుంది. "మేము గోనెపట్టాలు కప్పేవాళ్ళం కదే, ఏ కోడీ చావలే" అంది. నిజమే. కానీ అమ్మ వాళ్ళ కోళ్ళు పడుకునేది గంప కింద. గంప అల్లికలో ఎన్ని సందులు! గోనెపట్టా కూడా గాలి పీల్చే బట్టే. వసారాలో గంప బోర్లించి పైన ఒక గోనె కప్పితే ఎదురుగాలి ఆగుతుంది, చెమ్మ పోతుంది. మనవాళ్ళు తెలిసి చేసినా తెలియక చేసినా సరిగ్గా చేశారు. దాన్నే ఇక్కడికొచ్చి ప్లాస్టిక్‌తో చేస్తేనే తేడా కొడుతుంది. ఇది చెప్పేసరికి అమ్మ గెలిచినట్టు నవ్వింది, ఆ తర్వాత తమ్ముడికి నా మాట ఎక్కింది.

ఇక ఆ ఎర్ర బల్బు. దీని మీద మాత్రం నాకు రాజీ లేదు. గూట్లో ఏముంటుంది? ఎండిన చెక్క పొట్టు, గడ్డి, దుమ్ము, ఈకలు. ఎగిరే పక్షులు. వాటి మధ్య 250 వాట్ల బల్బు ఒక క్లిప్పు మీద, ఒక వైరు మీద. కోడి ఒకసారి రెక్క విదిల్చి తగిలితే చాలు. ఇక్కడ ప్రతి చలికాలం కోళ్ళగూళ్ళు, వాటితోపాటు పక్కనున్న షెడ్లు, కొన్నిసార్లు ఇళ్ళు కూడా ఈ బల్బుల వల్లే కాలిపోతుంటాయి. రెండో గొడవ, కరెంటు పోతే. సెప్టెంబరు నుంచి మెల్లమెల్లగా చలికి అలవాటు పడుతూ కొత్త ఈకలు దట్టంగా పెంచుకున్న కోడి మైనస్ 26కి తట్టుకుంటుంది. రెండు నెలలు బల్బు కింద వెచ్చగా పడుకున్న కోడికి, మంచు తుఫానులో అర్ధరాత్రి కరెంటు పోయినప్పుడు ఒక్కసారిగా ఆ చలి తగిలితే? అందుకే బల్బు పెట్టడం కంటే పెట్టకపోవడమే దానికి రక్షణ. జబ్బు చేసినదో, బాగా ముసలిదో, ఇంకా ఈకలు రాలుస్తూ ఉన్నదో ఉంటే, గోడకి బిగించే పలక లాంటి హీటర్లు దొరుకుతాయి, తాకినా కాలనివి. అది మందులాగా, అవసరమైన కోడికి మాత్రమే.

ఆ రాత్రి వాడు బల్బు తీసేశాడు. పైన ఫోమ్ పీకేశాడు. పొట్టు మాత్రం నా మాట ప్రకారం జానెడు మందం వేశాడు. ఎప్పటికప్పుడు పైన పొడి పొట్టు చల్లుతూ, వారానికోసారి తిరగేస్తే రెట్టా పొట్టూ కలిసి అక్కడే మెల్లగా ఎరువవుతాయి, చెమ్మ పీల్చేస్తాయి, కొంచెం వేడి కూడా పుడుతుంది. మన కోళ్ళఫారాల్లో ఊక పోసి చేసే డీప్ లిట్టరే ఇది. పొట్టు తడిసి ముద్ద కడితే మాత్రం ఆ ముద్ద అంతా తీసెయ్యాల్సిందే. వాడు నిద్రపోయాడో లేదో నాకు తెలుసు, రెండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి మెసేజ్ వచ్చింది. పొద్దున ఏడున్నరకి వీడియో. ఆరు పెట్టలూ ఒకదానికొకటి ఒత్తుకుని కర్ర మీద బంతుల్లా ఉన్నాయి. అద్దం పొడిగా ఉంది.

ఒకదానికి మాత్రం జుట్టు కొసలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. తెల్ల లెగ్‌హార్న్. మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చిన జాతి, మన దేశంలో ఫారం తెల్ల గుడ్డు పెట్టేది కూడా ఈ జాతి వంశమే. గుడ్లు బాగా పెడుతుంది గానీ నెత్తిన ఇంత పొడుగు ఎర్ర జుట్టు. ఈకలుండని చోటు అది, ముక్కు కింద వేలాడే ఎర్ర తోలు కూడా అంతే. మంచు కాటు తగిలేది అక్కడే. అప్పటికి మూసి ఉన్న రోజుల్లో తడి తగిలి దెబ్బతిన్నట్టుంది. తమ్ముడు హెయిర్ డ్రయ్యర్ పట్టుకుని రెడీగా ఉన్నాడు. వద్దన్నాను. రుద్దొద్దు, వేడిగాలి కొట్టొద్దు. మళ్ళీ గడ్డకట్టని చోట ఉంచి మెల్లగా మామూలు వేడికి రానివ్వాలి. తర్వాత కొసలు నల్లబడి ఎండుతాయి, చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ వాటంతట అవే రాలతాయి, కత్తిరించకూడదు. వాచినా, చీము పట్టినా, కోడి తిండి మానేసినా పశువుల డాక్టరు దగ్గరికే.

చలికి తగ్గ కోడి కావాలనే కెనడాలో, క్విబెక్ రాష్ట్రంలో ఓకా అనే ఊరి మఠంలో విల్‌ఫ్రిడ్ అనే సన్యాసి 20వ శతాబ్దం మొదట్లో ఏళ్ళ తరబడి జాతులు కలిపి షాంటెక్లేర్ అనే కోడిని తయారు చేశాడు. నెత్తిన జుట్టు ఉందా లేదా అన్నంత చిన్నది. గడ్డకట్టడానికి అక్కడేం లేకపోతే గడ్డకట్టేదేముంది! ఆ మాటకొస్తే సంక్రాంతి బరిలో దిగే మన అసీల్‌కీ జుట్టు చిన్నదే. కానీ దాని ఈకలు పొట్టిగా, ఒంటికి అంటుకుపోయి ఉంటాయి, కింద నూగు తక్కువ. రజాయి పల్చన అన్నమాట. ఇక్కడికి తెచ్చి మంచులో వదిలితే దానికి జుట్టు బతుకుతుంది, మిగతాది వణుకుతుంది.

నిజం చెప్పాలంటే ఈ దేశంలో చలికాలం కోళ్ళ పెంపకమంటే మూడొంతులు నీళ్ళ గొడవే. మైనస్ 20లో మామూలు గిన్నెలో పోసిన నీళ్ళు గంటా రెండు గంటల్లో రాయి. నీళ్ళు తాగని కోడి దాణా తినదు, దాణా తినకపోతే లోపల వేడి పుట్టదు. అంటే ముందు కట్టేది దాహం, చంపేది చలి. కరెంటు ఉంటే కుక్కలకి వాడే వేడి గిన్నె పెడితే తీరిపోతుంది. లేకపోతే రబ్బరు టబ్బు. గడ్డకట్టాక బోర్లించి కాలితో ఒక్కటిస్తే మంచు బిళ్ళ ఊడొస్తుంది, మళ్ళీ పోసుకోవచ్చు. ఆఫీసుకి ముందొకసారి, లంచ్‌లో ఒకసారి, చీకటి పడే ముందొకసారి. రాత్రి గూట్లో నీళ్ళు పెట్టక్కర్లేదు. చీకట్లో కోడి తాగదు, ఒలికి పొట్టు తడవడం తప్ప లాభం లేదు.

తిండి దగ్గర మన మాటా ఇక్కడి మాటా భలే కలిశాయి. మక్కలు వేడి చేస్తాయని ఇక్కడి రైతులూ అంటారు. మక్కల్లో ప్రత్యేకమైన వేడి ఏం లేదు, పిండిపదార్థం ఎక్కువ, అరగడానికి టైం పడుతుంది, ఏది అరిగినా వేడి పుడుతుంది. చీకటి పడే ముందు తలా ఒక చిన్న గుప్పెడు వేస్తే కడుపు నిండుగా కర్ర ఎక్కుతాయి. అంతకుమించితే కొవ్వు పడుతుంది, అసలు దాణా తినడం మానేస్తాయి. నేల మంచు కప్పేస్తే అవి ఏరుకునే ఇసక రాళ్ళు దొరకవు కాబట్టి ఒక డబ్బాలో అవీ పెట్టాలి, కోడి పళ్ళు అవే మరి. మా కోళ్ళకి మంచు తెల్లదనం చూస్తే ఎందుకో భయం, గుమ్మం దాకా వచ్చి ఒక కాలు ఎత్తి నన్ను తిట్టినట్టు చూస్తాయి. కాస్త గడ్డి పరిస్తే అప్పుడు ఎర్ర తివాచీ మీద హీరోయిన్లలాగా దిగుతాయి. లోపలే ఉంటే విసుగుతో ఒకదాని ఈకలు ఒకటి పీకుతాయి. ఒక క్యాబేజీకి తాడు కట్టి వేలాడదీయండి. మధ్యాహ్నం అంతా వాలీబాలే.

గుడ్లు తగ్గాయని కంగారు పడకండి. అది చలి వల్ల కాదు, వెలుతురు వల్ల. పెట్ట రోజూ గుడ్డు పెట్టాలంటే 14 నుంచి 16 గంటల వెలుతురు కావాలి. డిసెంబరులో హైదరాబాద్‌లో పగలు 11 గంటలుంటే మాకు 9 గంటలు కూడా ఉండదు. టైమర్ పెట్టి తెల్లవారుజామున చిన్న ఎల్ఈడీ వెలిగించేవాళ్ళున్నారు, ఫారాల్లో చేసేదీ అదే. నేను పెట్టను. ఆరు నెలలు పెట్టింది, ఒంట్లో ఉన్న ప్రొటీనంతా ఈకలకి పోస్తోంది, కొన్నాళ్ళు ఆగితే ఏం పోయింది? ఫిబ్రవరి చివరికి వాటంతట అవే మొదలెడతాయి. పెట్టే ఒకటీ అరా మాత్రం వెంటనే తీసుకోండి, గడ్డకట్టి పెంకు పగులుతుంది.

ఈ చెప్పిందంతా పెద్ద కోళ్ళ సంగతి. పిల్లల లెక్క పూర్తిగా వేరు, ఇది మన ఊళ్ళల్లో ఉన్నవాళ్ళకి. చింతపల్లి, లంబసింగి వైపు జనవరిలో సున్నా దగ్గరికి దిగే రాత్రులుంటాయి. అక్కడ పెద్ద నాటుకోడి హాయిగా ఉంటుంది. కానీ ఈకలు రాని పిల్లకి మొదటి వారం 35 డిగ్రీల వేడి కావాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి, ఐదారు వారాలకి ఈకలొచ్చేదాకా. తల్లి ఉంటే దాని రెక్క కిందే ఆ లెక్కంతా జరిగిపోతుంది. తెచ్చిన పిల్లలైతే ఇక్కడ బల్బు తప్పదు. కానీ వైరుతో కాదు, గొలుసుతో గట్టిగా కట్టాలి, దగ్గర్లో గడ్డి ఉండకూడదు. థర్మామీటర్ లేకపోయినా పిల్లల్ని చూస్తే తెలుస్తుంది. బల్బు కింద కుప్పగా పడితే చలేస్తోంది, దూరంగా పారిపోతే ఉడుకుతోంది, అంతటా పరుచుకుని తిరుగుతుంటే సరిపోయింది. మొదటి వారంలోనే పశువుల ఆస్పత్రిలో అడిగి కొక్కెర తెగులుకి లసోటా చుక్కలు వేయించండి.

ఇక మా తమ్ముడికి మిగిలిన సమస్య ఒక్కటే, అది ఏ హీటరూ తీర్చలేనిది. డిసెంబరు 18న ఇండియా ఫ్లైటు, మరదలు పెళ్ళి, మూడు వారాలు. టికెట్లు ఏప్రిల్‌లోనే కొన్నాడు, కోళ్ళ పిల్లల్నీ ఏప్రిల్‌లోనే కొన్నాడు, ఈ రెండూ ఎదురుపడతాయని ఎవరికీ తట్టలేదు. ఆటోమేటిక్ తలుపు పెట్టుకోవచ్చు, వేడి గిన్నె పెట్టుకోవచ్చు. తుఫానుకి తలుపు మంచులో ఇరుక్కుంటే, గిన్నె ప్లగ్గు ఊడితే చూసేందుకు రోజుకి ఒక మనిషి కావాలి. వేసవిలో అయితే "గుడ్లు మీరే తీసుకోండి" అంటే పక్కింటివాళ్ళు ఎగిరి గంతేస్తారు. డిసెంబరులో గుడ్లే లేవు. చివరికి ఎదురింట్లో డిగ్రీ చదివే పిల్ల ఒప్పుకుంది, రోజుకి పది డాలర్లు. దానికి తోడు ఖమ్మం నుంచి రెండు కిలోల సున్నుండలు. ఆ సున్నుండల ఆర్డరు అమ్మకి అప్పుడే వెళ్ళిపోయింది.